గంటకి మీటరు పెట్టండి

రాత్రి తొమ్మిదిన్నర దాటింది. కంచంలో చెయ్యి పెట్టారు, ఫోను మోగింది. "బాబూ, చిన్న మార్పే. ఆ ఫోటో కాస్త పైకి జరిపి, కింద ఇంకో బటన్ పెడితే చాలు. ఐదు నిమిషాల పని. పొద్దున్నే మావాళ్లకి చూపించాలి."

మీరు "సరేనండీ" అంటారు. అన్నం ముగించి లాప్‌టాప్ తెరుస్తారు. ఆ బటన్ నొక్కితే ఎక్కడికి వెళ్లాలో ఆయన చెప్పనే లేదు. ఫోన్‌లో బాగానే ఉంది, కంప్యూటర్‌లో చూస్తే ఫోటో పక్కకి పోతోంది. అది సరిచేస్తే ఇంకోటి చెడింది. పడుకునేసరికి పన్నెండున్నర. పొద్దున ఆయన దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక బొటనవేలి బొమ్మ వస్తుంది. ఆ రెండున్నర గంటలు మీరు ఏ బిల్లులో రాశారు?

రాయలేదు కదా? నేను కూడా రెండేళ్ల పాటు రాయలేదు.

2020లో కోవిడ్ వచ్చి ఆఫీసులు మూతపడినప్పుడు హైదరాబాదు నుంచి మా చల్లపల్లి వచ్చేశాను. ఆ తరవాత ఉద్యోగం మానేసి ఇక్కడే కూర్చుని విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం వ్యాపారులకి సాఫ్ట్‌వేర్ చేసిపెట్టడం మొదలుపెట్టాను. నా సమయానికి విలువ కట్టడం ఎలాగో ఏ పుస్తకమూ నేర్పలేదు. వరికోత మిషను నేర్పింది.

ఒక డిసెంబరులో మా బాబాయి చేనుకి మిషను వచ్చింది. గట్టు మీద నిలబడి అరగంట బేరం. చేను ఇంకా తడి ఆరలేదు, టైర్ల మిషను దిగబడిపోతుంది, చైను మిషనే కావాలి, దానికి రేటు ఎక్కువ. గంటకి ఇంత అని తెగింది. మిషను చేలో దిగగానే డ్రైవరు టైము చెప్పాడు, బాబాయి చేతి గడియారం చూసుకున్నాడు. పని అయ్యాక రెండు గంటల పది నిమిషాలు అని ఇద్దరూ ఒకే లెక్క చెప్పారు. బాబాయి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేశాడు. "నువ్వు కూచుని స్టీరింగేగా తిప్పావు" అన్న మాట ఆయన నోట రాలేదు.

అదే బాబాయి, ఆ సాయంత్రమే, తన స్నేహితుడి ఎరువుల కొట్టుకి నేను చేస్తున్న యాప్ గురించి, "కూచుని చేసేదేగా అబ్బాయ్, దానికంత ఎందుకు తీసుకోవడం?" అన్నాడు.

నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఆయనకి సమయం విలువ బాగా తెలుసు, మధ్యాహ్నమే కళ్లారా చూశాను. నా సమయం ఆయనకి కనపడలేదు, అంతే. మిషను విషయంలో మూడు సంగతులు ముందే తేలిపోయాయి: రేటు ఎంత, ఏ పరిస్థితిలో పెరుగుతుంది, లెక్క ఎప్పుడు మొదలవుతుంది. నేను ఆ కొట్టాయనకి వాటిలో ఒక్కటీ చెప్పలేదు. మీరు మీ క్లయింటుకి చెప్పారా? ఈ అధ్యాయమంతా ఆ మూడూ చెప్పడం ఎలాగో నేర్చుకోవడానికే.

1. ముందు మీ గంట ఖరీదు మీరు తెలుసుకోండి

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. పక్కవాడు ఎంతకి చేస్తున్నాడో కనుక్కుని, అందులో రెండు వేలు తగ్గించి చెబుతారు. ఆ పక్కవాడు కూడా అలాగే చెప్పాడేమో!

కాగితం తీసుకుని ఇలా వెయ్యండి. నెలకి 22 పనిదినాలు, రోజుకి 8 గంటలు, మొత్తం 176 గంటలు. అందులో ఫోన్లు, విజయవాడ వెళ్లి రావడం, కొటేషన్లు, బిల్లుల వెంట తిరగడం పోగా నిజంగా క్లయింటు పని మీద కూర్చునేది 100 గంటలు అనుకోండి. ఇంట్లోకి 70,000 కావాలి. నెట్టు, ఇన్వర్టరు బ్యాటరీ, లాప్‌టాప్ వాయిదా, సాఫ్ట్‌వేర్ చందాలు కలిపి 15,000. మొత్తం 85,000ని 100తో భాగిస్తే గంటకి 850. ఇవి నేను ఉదాహరణకి వేసిన అంకెలు, మీవి మీరు వేసుకోండి. పన్ను, పని లేని నెలలు కూడా కలిపితే ఇంకా పెరుగుతుంది.

ఈ అంకె క్లయింటుకి చెప్పి తీరాలని లేదు. మీ తలలో ఉంటే చాలు. "పదిహేను వేలకి చేసెయ్యండి బాబూ" అన్నప్పుడు గొంతు తడారిపోకుండా, "పదిహేను వేలంటే సుమారు పదిహేడున్నర గంటలు. ఆ గంటల్లో ఏమేం అవుతాయి?" అని మీరు ఆలోచించగలుగుతారు. అప్పుడు జవాబు కూడా మారుతుంది: "పదిహేను వేలకి బుకింగ్, రసీదు రెండూ వస్తాయండీ. ఎస్సెమ్మెస్‌లు, రిపోర్టులు తరవాత పెట్టుకుందాం." ధర తగ్గించమంటే పని తగ్గించండి. పని అంతే ఉంచి ధర తగ్గించారంటే, మొదట చెప్పింది ఎక్కువన్నమాటే అని ఆయన అనుకుంటాడు. అనుకోవడంలో ఆయన తప్పు కూడా లేదు.

2. "చిన్న పనే" అంటే వాదించకండి, విప్పి చూపించండి

విజయవాడలో ఒక ఫంక్షన్ హాలు యజమాని నాకిచ్చిన పని చెబుతాను. "క్యాలెండర్‌లో ఖాళీ తేదీలు కనపడాలి, నచ్చింది నొక్కి అడ్వాన్సు కట్టాలి. ఒక్క రోజు పని. మా తమ్ముడి కొడుకు బీటెక్కు చదువుతున్నాడు, వాడైనా చేసేస్తానన్నాడు."

ఈ తమ్ముడి కొడుకు మీకు ఎన్నిసార్లు ఎదురయ్యాడు? ఆ అబ్బాయిని తీసిపారెయ్యకండి. "అయితే ఆ అబ్బాయి చేతే చేయించుకోండి" అని దురుసుగా లేచి రాకండి. నేను ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగాను: "గురువారం రాత్రి ఒంటిగంటా ఇరవై నిమిషాలకి ముహూర్తం అనుకోండి. శుభలేఖలో గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం అని వేస్తారు. కంప్యూటరుకి అది శుక్రవారం. శుక్రవారం పొద్దున ఇంకొకరు వ్రతానికి హాలు తీసుకుంటే, మండపం విప్పేదెప్పుడు, కడిగేదెప్పుడు?"

ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు. "అవునండోయ్, పోయిన మాఘంలో ఇదే గొడవ అయింది" అన్నాడు. ఇక అక్కణ్ణుంచి ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. ఇద్దరు ఒకే నిమిషంలో ఒకే తేదీకి డబ్బు కడితే? బ్యాంకులో డబ్బు పోయి ఇక్కడ రసీదు రాకపోతే? పెళ్లి వాయిదా పడితే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలా, ఇంకో తేదీకి మార్చాలా? రెండు కాగితాలు నిండాయి. నేను ధర చెప్పకముందే ఆయన అన్నాడు: "అయితే ఒక్క రోజులో అయ్యేట్టు లేదు."

గమనించారా? నేను సర్వరు అనలేదు, డేటాబేసు అనలేదు. ఆయన వ్యాపారంలో ఆయనకి తెలిసిన తలనొప్పినే ఆయన ముందు పెట్టాను. మన పనిలో కష్టం కోడ్‌లో ఉందని చెబితే ఎవరికీ అర్థం కాదు. ఎరువుల కొట్టులో అరువు ఖాతా, స్కూల్లో అన్నదమ్ములకి ఇచ్చే ఫీజు రాయితీ, రొయ్యల మేత డీలరు దగ్గర పట్టుబడి అయ్యాక తీరే బాకీ, ఇలా ప్రతి వ్యాపారంలోనూ అలాంటి ముడి ఒకటి ఉంటుంది. మొదటి సమావేశంలో దాన్ని వెతికి పట్టుకోండి.

3. ఎకరం ఎంతో గట్టు వేసి చూపించండి

నాట్లు గుత్తకిస్తే ఎకరానికి ఇంత అంటారు. పక్కన ఇంకో పది సెంట్లు ఉంది, అది కూడా వేసెయ్యండి అంటే ముఠా మేస్త్రి ఊరుకోడు. ఎందుకంటే గట్టు కళ్లెదురుగా ఉంది. మన పనికి గట్టు కాగితం మీదే వెయ్యాలి.

పది పేజీల ఒప్పందం అక్కర్లేదు. ఒక పేజీ చాలు: ఏం చేస్తాను, ఏం చేయను, ఎన్నిసార్లు మార్పులు ఉచితం, ఎప్పటికి ఇస్తాను, క్లయింటు ఏమేం ఇవ్వాలి, డబ్బు ఏ దశలో ఎంత. "ఏం చేయను" అన్న వరస రాయడానికి చాలామంది మొహమాటపడతారు. నా అనుభవంలో గొడవలు ఆపేది ఆ వరసే.

ఇంకో ఇబ్బంది, మన క్లయింట్లు రాయరు, వాట్సాప్‌లో నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెడతారు. వినగానే పని మొదలుపెట్టకండి. తిరిగి ఇలా రాయండి: "నమస్కారమండీ. మీరు చెప్పినవి మూడు. ఒకటి, రసీదులో జీఎస్టీ నంబరు. రెండు, తేదీ మార్చే వీలు. మూడు, మేనేజరుకి వేరే లాగిన్. మొదటిది మన ఒప్పందంలోదే. మిగతా రెండూ కొత్తవి, 9 గంటల పని, 7,650 అవుతుంది. సరే అని రాస్తే మొదలుపెడతాను." ఆయన "ఓకే" అని రాస్తే అది ఊరికే పోయే మాట కాదు. కుదిరిన ఒప్పందం ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో చెల్లకుండా పోదని ఐటీ చట్టంలోని 10ఏ సెక్షన్ చెబుతోంది.

4. బయానా

బయానా చేతిలో పెట్టకుండా మన ఊళ్లో గేదె బేరం కూడా ఖాయం కాదు. మరి మూడు నెలల పనికి మీరెందుకు ఉత్త మాట మీద దిగుతున్నారు?

మొదటి ఏడాది నేనూ దిగాను. ఒక హోల్‌సేల్ వ్యాపారికి సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేశాను. "డబ్బుకేముంది బాబూ, మనం మనం ఒకటి" అన్నారు. మూడు నెలలు చేశాను. అంతా వాళ్ల కంప్యూటర్లలో పెట్టేశాక "వచ్చే వారం" అన్నారు. ఆ వచ్చే వారం ఏడు నెలలు నడిచింది. చివరికి సగం కంటే తక్కువ వచ్చింది. అప్పటికి దాని సర్వరు అద్దె కూడా నా కార్డు నుంచే పోతోంది.

ఆ దెబ్బ తరవాత నేను పాటిస్తున్నది: మొదలుపెట్టే ముందు 40 శాతం, పని నడుస్తున్నట్టు చూపించిన రోజు 30, అప్పగించే ముందు 30. "ముందు" అన్న మాట జారిపోనివ్వకండి. డొమైను, సర్వరు క్లయింటు పేరుతో, క్లయింటు కార్డుతోనే కొనిపించండి. చివరి విడత అందేదాకా పని మీ పరీక్షా సర్వరు మీదే చూపించండి.

అడ్వాన్సు అడిగేటప్పుడు "ఏమీ అనుకోకపోతే", "మీకు వీలైతే" అని మొదలుపెట్టకండి. "అడ్వాన్సు 20,000 అండీ. అది అందిన మర్నాడు మొదలుపెడతాను." అక్కడ ఆగి, ఆయన మాట్లాడేదాకా మౌనంగా ఉండండి. ఆ నాలుగు సెకన్లూ భరించలేక మనమే "పోనీ పదివేలు ఇవ్వండి" అనేస్తాం. మొదటిసారి కష్టం. నాలుగోసారికి అలవాటవుతుంది, నిజంగానే అవుతుంది.

ఇక్కడే చాలామంది డెవలపర్లకి తెలియని సంగతి ఒకటి. 1957 కాపీరైట్ చట్టం కింద కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచనే. ఉద్యోగిగా రాస్తే హక్కు మామూలుగా కంపెనీది. స్వతంత్రంగా, వేరే ఒప్పందమేదీ లేకుండా రాస్తే హక్కు రాసినవాడిది, అది ఇంకొకరికి బదిలీ కావాలంటే రాతపూర్వకంగా జరగాలి. కాబట్టి మీ ఒక్క పేజీలో ఈ వాక్యం చేర్చండి: "పూర్తి చెల్లింపు అందిన రోజున సోర్స్ కోడ్ మీద హక్కులు క్లయింటుకి బదిలీ అవుతాయి."

5. ఓపీ చీటీ పద్ధతి

అప్పగించి నాలుగు నెలలైంది. "మీరు చేసిందే కదా, ఇది కూడా సరిచెయ్యండి" అంటున్నారు. చెయ్యాలా, వద్దా?

విజయవాడ సూర్యారావుపేటలో ఏ ఆస్పత్రికి వెళ్లినా ఓపీ చీటీకి గడువుంటుంది. ఆ లోపు మళ్లీ చూపించుకుంటే ఫీజు ఉండదు, దాటితే కొత్త చీటీ రాయించుకోవాలి. జ్వరమని వెళ్లి, అదే చీటీ మీద ఇంట్లోవాళ్ల మోకాలి నొప్పి చూడమని ఎవరూ అడగరు. ఈ పోలిక చెబితే మన క్లయింటుకి వెంటనే తెలుస్తుంది. నేను 30 రోజులు ఇస్తాను. ఆ లోపు నా వల్ల వచ్చిన తప్పు ఏదైనా ఉచితం, ఎన్నిసార్లయినా. అందులో మాత్రం పిసినారితనం చూపకండి, తప్పు మీదైతే రాత్రి కూర్చునైనా సరిచెయ్యండి. రసీదులో మొత్తం తప్పు పడితే అది తప్పు. రసీదు మీద హాలు ఫోటో కావాలంటే అది కొత్త పని.

6. నీళ్ల వంతు లాగా

ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమ చివరి చేలకి చేరాలంటే, పైవాళ్లు వంతు పాటించాలి. ఎవరి ఒత్తిడికో లొంగి వంతు తప్పిస్తే శివారు రైతు ఎండిపోతాడు. మీ రోజు కూడా అంతే. గట్టిగా అరిచిన క్లయింటు పని ముందు చేస్తే, మర్యాదగా ఎదురుచూస్తున్న క్లయింటుకి అన్యాయం చేసినట్టే.

ఫోను తీసే వేళలు ఒప్పందంలో రాయండి. నావి పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు. మార్పులన్నీ ఒక పట్టీలోకి వెళతాయి, వారానికి రెండు రోజులు వాటి పని. అత్యవసరం అంటే ఏమిటో కూడా రాయండి: సైటు మొత్తం ఆగిపోవడం, డబ్బు తప్పుగా కట్ కావడం. ఈ రెంటికీ అర్ధరాత్రైనా లేస్తాను. బటన్ రంగుకి లేవను.

7. మనవాళ్లయితే?

ఇది అన్నిటికన్నా కష్టమైన చోటు. పెద్దనాన్న కొడుకు, చిన్నప్పటి స్నేహితుడు, ఊరి గుడి కమిటీ. "మనోడివేగా, నీకూ డబ్బులిస్తే బాగుంటుందా" అంటారు. డబ్బడిగితే బంధం చెడుతుందేమోనన్న భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారెయ్యను.

మా ఊళ్లో స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు 2014 నుంచి తెల్లారకముందే లేచి చీపురు పట్టుకుని వీధులు శుభ్రం చేస్తున్నారు. వాళ్లలో డాక్టర్లున్నారు, రైతులున్నారు, రిటైరైనవాళ్లున్నారు. అది వాళ్లు ఇష్టపడి, వేళ పెట్టుకుని ఊరికి ఇస్తున్న సమయం. డాక్టరు పొద్దున వీధి ఊడ్చారు కదా అని పదింటికి ఆస్పత్రిలో ఫీజు ఎగ్గొట్టాలని ఎవరూ చూడరు.

మీరూ అలాగే ఇవ్వండి. నెలకి ఎన్ని గంటలు ఉచితంగా ఇవ్వగలరో ముందే నిర్ణయించుకోండి. నేను ఎనిమిది గంటలు పెట్టుకున్నాను. గుడి జాతర పేజీ అయినా, మేనమామ కొట్టు బిల్లు అయినా ఆ ఎనిమిదిలోంచే. వాటికీ బిల్లు రాస్తాను: "6 గంటల పని, 5,100. మన ఊరి కోసం తగ్గింపు 5,100. చెల్లించాల్సింది సున్నా." మొదటిసారి అలాంటి బిల్లు చూసి మేనమామ నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "ఆరు గంటలు కూచున్నావట్రా దీనికి?" అన్నాడు. రెండోసారి పని చెప్పేముందు ఖాళీ ఉందా అని అడిగాడు.

8. డబ్బు ఆగిపోతే

కోపంతో సైటు ఆపేయడం, పాస్‌వర్డ్ మార్చేయడం మాత్రం చెయ్యకండి. క్లయింటు సర్వరులోకి అనుమతి లేకుండా వెళ్లి పని ఆపితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద కేసు మీ మీదికే రావచ్చు. న్యాయం మీ వైపు ఉండగా దాన్ని చేజార్చుకోకండి.

పనులు మొదలుపెట్టకముందే ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వ నమోదు, చేయించుకోండి. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అవుతుంది, ఉచితం. డబ్బులడిగే దళారుల జోలికి పోవద్దు. అది ఉంటే 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం మీకు తోడు వస్తుంది. చెల్లింపు గడువు రాసుకోకపోతే పని స్వీకరించిన నాటి నుంచి 15 రోజులు, రాసుకున్నా 45 రోజులు మించకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో మీరే ఫిర్యాదు పెట్టొచ్చు.

అక్కడిదాకా వెళ్లే ముందు ఒక మర్యాదైన ఉత్తరం పంపండి, ఉద్యం నంబరు వేసి. అందులో ఈ మాట చేర్చండి: చిన్న సంస్థలకి గడువులోగా ఇవ్వకుండా, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కూడా కట్టకపోతే ఆ మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకునే వీల్లేకుండా 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను నిబంధన వచ్చింది. ఆ ఉత్తరం వ్యాపారి కంటే ఆయన ఆడిటరు శ్రద్ధగా చదువుతారు. మామూలుగా బాకీ వసూలు దావాకి మూడేళ్లే గడువు, కాబట్టి మొహమాటంతో ఏళ్లు దొర్లించకండి.

9. ఎవరిని వదిలెయ్యాలి?

తెలియక తక్కువ అంచనా వేసేవాడు వేరు, తెలిసీ వాడుకునేవాడు వేరు. మొదటివాడు విప్పి చూపిస్తే మారతాడు. రెండోవాడు, ఎంత చూపించినా, ప్రతి విడతలో కొంత కోస్తాడు, రాసిన మాటని "నేనలా అనలేదు" అంటాడు, మీ ముందే మీ పనిని నలుగురిలో తీసిపారేస్తాడు. రెండుసార్లు చూడండి. మూడోసారికి చేతిలో ఉన్న విడత పూర్తి చేసి, ఫైళ్లు అప్పగించి, "ఇకపై సమయం కేటాయించలేనండీ" అని రాసి, వేరొకరి పేరు చెప్పి తప్పుకోండి. ఆ నెల చేతిలో డబ్బు తగ్గుతుంది. నాకూ తగ్గింది. మరుసటి నెల ఆ ఖాళీలోనే ఫంక్షన్ హాలు పని దొరికింది.

ఆ హాలు సైటు మొదలై రెండు నెలలయ్యాక ఏవో కాగితాల కోసం వెళ్లాను. యజమాని ఎదుట ఒక పెళ్లికూతురి తండ్రి కూర్చున్నాడు, ఫోన్‌లో తేదీ నొక్కుతూ. "గురువారం నొక్కితే శుక్రవారం పొద్దున కూడా మూసేసినట్టు చూపిస్తోందేంటండీ?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే యజమాని అందుకున్నాడు: "తెల్లవారితే శుక్రవారం కదండీ. మండపం విప్పాలి, కడగాలి. ఆ ఒక్క లెక్క కుదర్చడానికే ఈ అబ్బాయికి మూడు రోజులు పట్టింది."